ఏమోనండి

ఏవండీ,

మీరు పోయి నేటికి ఏడాది. మా చర్చి పాస్టరుగారు ప్రార్థనకొచ్చారు. ద్రాక్షారామం నుంచి మీ స్నేహితుడు శాస్త్రిగారూ వచ్చారు. ఒకే బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ, "మాస్టారితో గొడవపడ్డం ఎవరివల్లా కాదండి" అని మిమ్మల్నే పొగిడారు.

నాకు కుళ్లు పుట్టింది. దేవుడున్నాడా అని ఎవరడిగినా "ఏమోనండి" అని నవ్వేసి మీరు అందరికీ కావలసినవారయ్యారు. ముప్ఫై ఏళ్లుగా మోకాళ్ల మీద ప్రార్థిస్తున్నది నేను. బొట్టు పెట్టుకుందని పోట్లాడినందుకు నా సొంత చెల్లెలే నాతో మాట్లాడడం లేదు.

"మాస్టారు ఇప్పుడెక్కడుంటారంటారమ్మా?" అన్నారు శాస్త్రిగారు.

బైబిలు వాక్యం చెబుదామని నోరు తెరిచాను. "ఏమోనండి" అని వచ్చింది.

ఇద్దరూ తలూపారు. నాతో ఎవరూ వాదించకపోవడం ఇదే మొదలు. అదీ మీ మాటతోనే!