కోస్టికా దిద్దిన ముఖాలు

సులీనా ఊరి మూడో వీధిలో ఉంటున్న ఆగ్లయ మునాక్ అనే నేను, వయసు డెబ్భై నాలుగు, వృత్తి చిత్రలేఖనం, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. చెయ్యి వణుకుతోంది గానీ బుద్ధి వణకడం లేదు. నాకు మతి తప్పిందని తమ్ముడు కోస్టికా రేవంతా చెప్పుకుతిరుగుతున్నాడు కాబట్టి డాక్టరు రాసిచ్చిన కాగితం జతపరిచాను.

1. నా పడవ, దుర్భిణి జాలరి తెరెంటీకి చెందాలి. ముప్పై ఏళ్లు పక్షుల బొమ్మల కోసం నాతో రెల్లులో కూర్చున్నాడు, దోమలు పీక్కుతిన్నా నోరెత్తలేదు. పక్షికి మన భయం పోయేదాకా నేను కుంచె తీయను. మనిషికీ అంతే. బొమ్మ వేయించుకోవడానికి వచ్చినవాళ్లను గంటసేపు ఊరికే కూర్చోబెడతాను. పెట్టుకొచ్చిన మొహం అలిసిపోయి జారిపోతుంది. అప్పుడు మొదలుపెడతాను.

2. గూడబాతుల, నీటికాకుల చిత్రాలు యాభై మూడూ నా శిష్యురాలు రుక్సాండ్రాకు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. వేటగాళ్లకు ఒక్కటీ అమ్మరాదు.

3. ఇల్లు కోస్టికాకు, షరతు మీద మాత్రమే. తైలవర్ణం బాగా ఆరడానికి ఏడాది పడుతుంది. అందుకని ప్రతి పటమూ ఏడాదయ్యాక వార్నిష్ పూత కోసం మా ఇంటికి తిరిగొస్తుంది. ఆ పూత పని వాడిది. వేసి ఊరుకున్నాడా? దానిమీద నాకు తెలియకుండా ముడతలు పూడ్చాడు, వంకర ముక్కులు సరిచేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. మంత్రసాని వర్వారా చనిపోయిన రోజున శవపేటిక పక్కన పెట్టిన ఆమె పటం చూసి ఆమె కూతురు నా చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ గడ్డం మీద గాటేదమ్మా? చిన్నప్పుడు దాన్ని తడుముకుంటూనే నిద్రపోయేదాన్ని" అంది. కింద నా సంతకం ఉంది. సిగ్గుతో చచ్చాను. ఇంటికొచ్చి నిలదీస్తే వాడన్న మాట ఇది: "జనం మొహానికి డబ్బిస్తారక్కా, ముడతలకు కాదు."

4. అలా దిద్దిన పటాలు పదకొండు, పేర్లు వెనక పేజీలో ఉన్నాయి. కోస్టికా ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, ఇంటివాళ్ల ఎదుట కూర్చుని, టర్పెంటైన్, దూదితో తన రంగు తుడవాలి. పూత మీది రంగు కాబట్టి వచ్చేస్తుంది, కింద నాది చెక్కుచెదరదు. ఏడాదిలోగా చేయకపోతే ఇల్లు కూడా రుక్సాండ్రాకే. ఒక్క కనుబొమ్మ మిగిలినా సరే.

5. నా శవం పక్కన వాడు వేసిన బొమ్మ ఏదీ పెట్టరాదు.

6. పన్నెండో పటం మా అమ్మది. మంచాన పడ్డప్పుడు తనే వేయమని అడిగింది. ఉన్నది ఉన్నట్టు వేశాను, కళ్లలోని చావు భయంతో సహా. చూసి గోడవైపు తిప్పించేసింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు, నావైపు చూడలేదు. కోస్టికా బుగ్గలకు రంగు అద్ది, కళ్లు తేటపరిచి మళ్లీ చూపించాడు. అమ్మ చాలాసేపు చూసి దువ్వెన అడిగింది. మూడు రోజులకు పోయింది. వాడికి ఈ అలవాటు అక్కడే మొదలైంది, నేను చూసి నోరు మూసుకున్నాను.

ఆ పటం ఎవరూ తుడవరాదు. దీన్నిబట్టి వాణ్ణి క్షమించానని అనుకోవద్దు. ఆ వారానికి నన్ను నేనే ఇంకా క్షమించుకోలేదు.

సులీనా, 1998 నవంబరు 9

(సంతకం) ఆగ్లయ మునాక్

సాక్షులు:
నికాండ్రు ఇవనోవ్, దీపస్తంభం కాపలాదారు
మారియోరా తుదోసె, పోస్టాఫీసు గుమాస్తా