గంజికి వచ్చే ముసలామె

ఆదివారం రాత్రి, హాస్టల్

పల్లెలో పాస్టరుగా బతికిన తాత అనాథ అనే మేమంతా నమ్మాం. ఆయన పుట్టుక గురించి అడగడానికి ఈ రోజు తార్నాకలో రూతమ్మ గారింటికి వెళ్లాను. ఆమె చిన్నప్పటి నుంచి తాత చర్చిలోనే పెరిగింది.

"అనాథ ఏంది బిడ్డా? చిన్నగున్నప్పుడు మిషన్ హాస్టల్ల చేర్చుకోవాల్నని గట్ల చెప్పిండు. తల్లి పోచమ్మ ఊళ్లెనే ఉండె. గంజి కోసం మీ ఇంటి ఎనుక తలుపుకాడికి వస్తుండె."

"తాతను ఏమని పిలిచేది?"

"అందరి లెక్కనే, అయ్యగారూ అని."

క్యాంపస్ దాకా నడిచే వచ్చాను. ఆ ముసలామె సంగతి నాకు తెలుసు. నాన్న, తాను చిన్నప్పుడు గంజి పోస్తుంటే ఎవరో బిచ్చగత్తె తన బుగ్గ నిమిరిందని, జడుసుకుని ఏడిస్తే తాత ఆమెను ఇక రావద్దన్నాడని ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాడు. మేమూ నవ్వాం.

గదికి రాగానే నాన్న ఫోన్ చేశాడు. "తాత వాళ్లమ్మ పేరన్న తెలిసిందా బిడ్డా? ప్రార్థనల తలుసుకుంట."

"ఇంకా లేదు నాన్నా" అన్నాను.

ఈపాటికి నాన్న మోకాళ్లూని, పేరు తెలియని నాయనమ్మ కోసం దేవునికి స్తోత్రం చెప్తూ ఉంటాడు. నాకు లైటు ఆర్పాలంటే భయంగా ఉంది.