మంచంలాంటి సీటు వద్దన్నాను

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఎల్లుండి నేను సింగపూర్ వెళ్తున్నాను, అదీ బిజినెస్ క్లాసులో! షాద్‌నగర్‌లో మా ఫ్యాక్టరీ కొత్త మిషన్ కొంటోంది. దాన్ని నడపడం నేర్చుకోవడానికి నన్ను పంపుతున్నారు. టికెట్ మిషన్ అమ్మేవాళ్లదే. రెండు విమానాల్లో ఏది కావాలో చెప్పమన్నారు.

ఒకదాంట్లో సీటు మంచంలా పరుచుకుంటుందట. ఫోటో చూసి మీ మరిది ఎగిరి గంతేశాడు. "గిదే తీస్కో! కాళ్లు సాపుకొని పండుకోవచ్చు." నేనూ అదే అనుకున్నాను, ఈ పొద్దున శంషాబాద్ బస్టాండులో షబానా కలిసేదాకా. నువ్వు పనిచేసిన విమానాల వంటశాలలోనే ఇంకా ఉంది. రెండు విమానాల సంగతీ చెప్పాను.

"రెండోదాంట్ల పో అక్కా. దానికి భోజనం మా కాడికెల్లే పోతది. బగారా బైంగన్ ఇప్పటికీ మీ అక్క నేర్పినట్లే చేస్తున్నం."

ఇంకేముంది, తేలిపోయింది. మీ మరిది మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. "వంకాయ కోసం మంచం ఇడిచిపెడ్తవా? నువ్వు వంకాయ ముట్టనే ముట్టవు గదనే!"

నిజమే. నువ్వెంత బతిమాలినా ముట్టలేదు. కానీ అన్నేళ్లు వండి, ట్రేలు సర్ది, ఒక్క విమానమూ ఎక్కని నువ్వు ఎప్పుడూ ఒకే మాట అనేదానివి. "పైన కూసున్నోళ్లు మొత్తం తింటరో, సగం ఇడిచిపెడ్తరో ఒక్కసారన్న సూడాలె చెల్లే."

ఎల్లుండి నేను చూస్తాను. సిగ్గుపడకుండా పక్కవాళ్ల ట్రేలన్నింట్లోకీ తొంగి చూస్తాను.

నా ట్రే సంగతి ఇప్పుడే చెప్తున్నా. తొడిమ తప్ప ఏమీ మిగలదు.

నీ చెల్లి