పద్నాలుగు షాపుల్లో గువ్వ సబ్బు

మార్చి 3
ఏమోయ్ డైరీ, బాగున్నావా? నీ మొహం చూసి నెల దాటింది, ఏమీ అనుకోకు. సబ్బుల పనిలో పడి ఊపిరి సలపలేదు. ఇవాళ మాత్రం రాయాల్సిందే. నా గువ్వ బట్టల సబ్బుకి ట్రేడ్‌మార్క్ ఇవ్వలేదు. ఆ పేరు తొమ్మిదేళ్ల క్రితమే ఎవరో పెద్దాయన తన బట్టల సబ్బుకి రిజిస్టర్ చేయించుకున్నాడట. నేనెప్పుడూ వినలేదు. రెండేళ్లుగా జనానికి గువ్వ అంటే నా సబ్బే. ఐదు వేల రేపర్లు అచ్చయి కూర్చున్నాయి. ఇప్పుడు పేరు మారిస్తే మళ్లీ మొదటికొస్తాను.

మార్చి 5, మధ్యాహ్నం 2
లాయరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. వరసగా ఐదేళ్లు ఆ పేరుతో సరుకు అమ్మకపోతే, రిజిస్టర్లోంచి తీసేయమని మనం అడగొచ్చట. ఉత్తినే పేరు పట్టుకుని కూర్చుంటే కుదరదట. ముందు ఆ సబ్బు బజార్లో ఉందో లేదో చూసి రమ్మంది. ఎవరికీ అనుమానం రాకుండా, మామూలు కస్టమర్లా అడగమని మరీ మరీ చెప్పింది.

మార్చి 8
వదినా నేనూ పద్నాలుగు షాపులు తిరిగాం. ఎక్కడా లేదు. వదిన నటన చూడాలి. వాళ్లత్తగారు పాత గువ్వ తప్ప ఇంకో సబ్బు ముట్టుకోదని, రెండు డజన్లైనా కావాలని మూలమీది షాపాయన్ని అరగంట బతిమాలింది. ఆరేళ్ల క్రితం భార్య పోయాక పెద్దాయన సబ్బు చేయడం మానేశాడని షాపాయనే చెప్పాడు. బయటికొచ్చి పడీ పడీ నవ్వాం. ఆ పెద్దాయన ఎలాంటి మనిషో, ఆ పేరే ఎందుకు పెట్టుకున్నాడో.

మార్చి 12
లాయరమ్మ కాగితాలు తయారు చేస్తోంది.

మార్చి 19
కొంప మునిగింది. మూలమీది షాపులో గువ్వ సబ్బు. నాది కాదు, ఆయనది. రేపర్ మీద ఈ వారం తేదీ. షాపాయన నన్ను చూసి సంబరపడిపోయాడు.
"మీ కోసమే తెప్పించానమ్మా. మీరొక్కరే కాదు, ఊళ్లో చాలామంది అడుగుతున్నారంట. షాపులవాళ్లం అందరం ఫోన్లు చేస్తే పెద్దాయన మళ్లీ పొయ్యి మీదికి సబ్బు బాణలి ఎక్కించాడు."
ఆ చాలామందీ మేమిద్దరమేనని ఎలా చెప్పను? రెండు డజన్లు కొనుక్కొచ్చాను.

మార్చి 20
లాయరమ్మ తల పట్టుకుంది. కేసు ఇంకా వేయలేదు. మన సంగతి ఆయనకు తెలియదు కాబట్టి, కేసుకి భయపడి మొదలుపెట్టాడనడానికీ లేదు. ఆర్డర్లొచ్చాయి, నిజంగానే అమ్ముకుంటున్నాడు, ఇంకేం తీసేయిస్తాం అంది. ఇక ఆయన ఒప్పుకుంటే తప్ప ఆ పేరు మనం వాడలేమట. మావారు పేరు మార్చేయమంటున్నారు. వదిన నిన్నట్నుంచి నా కళ్లలోకి చూడటం లేదు.

మార్చి 22, ఉదయం 6
ఆయన సబ్బుతో దుప్పటి ఉతికాను. నాదానికంటే బాగుంది. చెయ్యి అసలు మండలేదు. బాణలిలో ఏం కలుపుతాడో.

మార్చి 23
రేపర్ మీది నంబర్‌కి మెసేజ్ పెట్టాను.
"బాబాయ్ గారూ, షాపు షాపుకీ తిరిగి మీ సబ్బు అడిగింది నేనూ మా వదినా. నా సబ్బు పేరూ గువ్వే, రిజిస్టర్లోంచి మీ పేరు తీసేయిద్దామనే అడిగాం. ఇప్పుడు ఆ పేరు ఇద్దరం వాడుకునే సంగతి మాట్లాడాలి, ఎప్పుడు కలుద్దాం?"