శేఖర్ సాక్సోఫోన్ ఊదిన పిల్ల

మార్చి 2, ఆదివారం

జయరావు సారు వచ్చాడు. శేఖర్ బైక్ యాక్సిడెంటులో పోయాక ఆయన ఇంటికి రావడం ఇదే మొదటిసారి. నగరి పెళ్లి బ్యాండులో కుప్పుస్వామి నా కొడుక్కు సాక్సోఫోన్ పట్టుకోవడం నేర్పితే, తిరుపతిలో ఈ సారు జాజ్ పిచ్చి పట్టించాడు. పేపర్ చూడకుండా మనసుకు తోచింది ఊదడమంట. అప్పటినుంచి వాడి నోట సారు మాటే. అన్నం ముందర కూర్చున్నా సారే.

టీ తాగి అసలు సంగతి చెప్పాడు. ధరణి అని కొత్త పిల్ల నేర్చుకుంటా ఉండాది సంతోషమ్మా, దాని సాక్సోఫోన్ పాతది, గాలి కారతాది, శేఖర్‌ది ఊరికే పడుండాది కదా, కొన్నాళ్లు ఇయ్యి అన్నాడు.

ఊరికే పడుందంట.

మార్చి 5

ఇచ్చాను. నోట్లో పెట్టుకునే ముక్క మాత్రం దాచుకున్నాను. దాని మీద వాడి పళ్ల గాట్లున్నాయి. అది లేకుండా ఎట్లా ఊదుతుందో చూస్తాను.

మార్చి 9

పక్కింటి గ్రేసీ నవ్వింది. ఆ ముక్క అంగట్లో విడిగా దొరుకుతాది వదినా, అది కూడా తెలీదా అంది.

మార్చి 23

తిరుపతి హోటల్లో ధరణి మొదటి ప్రోగ్రాం. అది తప్పులు ఊదాలని ప్రభువును అడిగాను. ఇట్లాంటివి అడగొచ్చా? అడిగేశాను.

సన్నటి పిల్ల. బాగానే ఊదింది. పాట మధ్యలో ఒక చోట ఆగి హుప్పుమని ఊపిరి పీల్చింది. అది శేఖర్ ఊపిరి. వాడికి చిన్నప్పటి ఉబ్బసం. వీపు రుద్దిన చేయి నాది, నాకు తెలియదా!

స్టేజీ దిగగానే పట్టుకున్నాను. దొంగదానా, నా కొడుకు ఊపిరి నీకెవరిచ్చినారే అన్నాను. పిల్ల బెదిరిపోయింది. సారే నేర్పినాడు ఆంటీ, ఆడ ఆగకపోతే తిడతాడు అంది.

సారు తల దించుకున్నాడు. శేఖర్ ఆడ ఆగితే మొదట్లో నేనూ తిట్టినాను తల్లీ, ఆనక అదే బాగుండాదనిపించింది, ఇప్పుడు అందరికీ అట్లే చెప్తా ఉండా అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

వాళ్లంతా నా కొడుకును పంచుకున్నారు. నాకు వాటా పెట్టలేదు.

ఏప్రిల్ 2

ధరణి సాక్సోఫోన్ పెట్టె తెచ్చి గడపలో పెట్టి వెళ్లిపోయింది. లోపలికి రమ్మనలేదు నేను.

ఏప్రిల్ 3, పొద్దున

దాచుకున్న ముక్క తగిలించి ఊదాను. ఎనుము అరిచినట్టు వచ్చింది. గ్రేసీ ఏమైంది వదినా అని పరిగెత్తుకొచ్చింది.

ఆదివారం నుంచి నేర్చుకోవడానికి నేనే వస్తున్నానని సారుకు ఫోన్ చేశాను. ధరణి నా వెనక కూర్చోవాలన్నాను.