చిన్న సవతితల్లి పూలు

కాసెల్, మే 4

ఉల్రికె గారూ,

మా అక్క పోయాక, తన కూతురు ఫ్రీడాకు సవతితల్లులు పిల్లల్ని హింసించే కథలే ఎందుకు చదివి వినిపించాను? పద్దెనిమిదేళ్లుగా నాలో ఇదే ప్రశ్న.

మీరు బావను పెళ్లాడి వచ్చిన కొత్తలో కిటికీ కింద పూలమొక్కలు నాటారు. మనం జర్మన్‌లో ‘చిన్న సవతితల్లి’ అని పిలిచే పాన్సీ పూలు. పాపను నవ్వించాలనే కాబోలు. అది అన్నీ పీకేసి, “పిన్నీ, మంత్రగత్తె పని పట్టేశా!” అంది. నేను పగలబడి నవ్వాను. మీరు గుమ్మంలోనే ఉన్నారు.

నిన్న ఫ్రీడా ఫోన్ చేసింది. “నా పెళ్లిలో అమ్మ కుర్చీలో నువ్వే కూర్చో పిన్నీ. ఆవిడ వెనక వరసలో సర్దుకుంటుందిలే.” సరేనన్నాను. సంతోషం కూడా వేసింది, అందుకే సిగ్గుగా ఉంది. దాన్ని పెంచింది మీరు. ఆ కుర్చీ మీదేనని దానికి ఇవాళే చెబుతాను.

పిల్లలందరూ వినే కథలే కదా అని చదివానో, అక్క చోటు మీకు దక్కకూడదనే చదివానో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఫ్రీడా పిన్ని