నోట్లో తీపి, ఒంట్లో తీపి

గాజువాక,
9 జూలై 2025.

పూజ్యులైన ఈశ్వరి వదినగారికి,

మీ మరదలు రోజారమణి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోతే ఈసారి నా చెయ్యి ఆగిపోయింది.

ఫోన్లో చెబితే మీరు ఏడుస్తారు, వెంటనే మీ తమ్ముడికి ఫోన్ చేస్తారు, ఆయన నా మీద ఇంతెత్తున లేస్తారు. అందుకే ఉత్తరం.

మొన్న పోర్టులో క్రేన్ మీద ఉండగా ఆయనకు చెమటలు పట్టి చేతులు వణికాయట. బొగ్గు తొట్టె గాల్లో ఉంది, కింద మనుషులున్నారు. దాన్ని ఎలా దించారో ఆయనకే గుర్తు లేదు. తోటి ఆపరేటర్ అప్పలరాజు పైకెక్కి, షుగర్ పడిపోయిందని గ్రహించి గుప్పెడు చక్కెర నోట్లో పోశాడు. ఈయన తుపుక్కున ఉమ్మేసి, ఇసక పోత్తన్నావేటి బావా అన్నారట. మళ్లీ పోస్తే మళ్లీ ఉమ్మేశారు. చివరికి ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కిస్తే గానీ తేరుకోలేదు.

చక్కెర ఇసక ఎందుకయిందో మీకు తెలుసు. మీ ఊరు పద్మనాభం నుంచి మీరు పంపే పొడపత్రి ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. నోట్లో తీపి సచ్చిపోనాదంటే ఒంట్లో సుగరు సచ్చిపోనట్టేరా అని మీరన్న మాట ఆయనకు వేదం. డ్యూటీకి ముందు ఇంత ఆకు నములుతారు, ఆపైన షుగర్ మాత్ర.

ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ అడిగితే ఏమీ లేదన్నారు. నేనే ఉండబట్టలేక చెప్పేశాను. ఆవిడ ఆకును తీసిపారేయలేదు. దానికి షుగర్ దించే గుణం ఉండొచ్చు, మాత్రా దించేదే, రెండూ కలిసి ఎంత దించుతాయో చెప్పలేం, నాలుకను చూసి లెక్కేసుకోకండి అన్నారు. బయటికొచ్చాక ఈయన, అక్క సేతి మందుకి వంక పెట్టినావు అన్నారు.

మీ మీద కోపం లేదనను. ఉంది. కానీ తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచారు మీరు. నా మాట ఆయనకు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది, మీ మాట అలా కాదు. ఇక నమలనని సింహాద్రి అప్పన్న మీద ఒట్టయితే వేశారు. సోమవారం మళ్లీ క్రేన్ ఎక్కుతారు. నాకు భయంగా ఉంది వదినా. ఆకు పంపడం ఆపండి, మానేయమని మీ నోటితో ఒక్కసారి చెప్పండి.

ఇట్లు,
మీ రోజారమణి

తా.క.: తెల్లారింది. ఒట్టు మీద నమ్మకం చాలక, ఆయనకు రోజూ ఇచ్చే చప్పటి టీలో ఇవాళ చెప్పకుండా రెండు చెంచాల చక్కెర వేశాను. గ్లాసు ఖాళీ చేసి, సప్పిడి టీ బాగానే అలవాటైపోనాది నాకు అన్నారు. ఫోన్ వద్దు వదినా, సోమవారం లోపు మీరే రండి.